చంటి పరుపులో ల్యాప్‌టాప్

రషీదా భయపడటానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. కుక్కరు మూడో కూత వేయడం ఆలస్యమైతే చాలు, అది పేలిపోయి పక్కింటి గోడ కూలడం దాకా ఆమె మనసులో జరిగిపోతుంది. భర్త నాగూర్ వలి మాచర్ల బస్సెక్కి ఫోన్ ఎత్తకపోతే, కారంపూడి దాటాక ఏ మలుపులో ఏమైందో కూడా ఆమె కళ్ళకు కట్టినట్టు కనపడుతుంది. ఆరో తరగతి దాకా చదివింది కాబట్టి పేపరు కూడబలుక్కుని చదవగలదు. చదివేవి మాత్రం ప్రమాదాల వార్తలే. “దీనికి పేపరు వేయించడం నాదే తప్పు” అని నాగూర్ వలి నరసరావుపేటలోని తన పరుపుల కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

అలాంటి మనిషి ఒంటరిగా విమానమెక్కి మస్కట్ పోవలసి వచ్చింది.

అక్కడ కూతురు జెబాకు తొలి కాన్పు. బిడ్డ అడ్డంగా ఉందని, గురువారం ఆపరేషన్ చేసి తీస్తామని డాక్టర్లు చెప్పారు. అల్లుడు అమ్జద్ సోమవారం పొద్దుటి విమానానికి టిక్కెట్టు తీశాడు. అది తప్పితే గురువారం లోపల మరొకటి దొరకదని కూడా చెప్పాడు. కూతురిని లోపలికి తీసుకుపోయేటప్పుడు తను పక్కన ఉండాలి. రషీదాకు కావలసింది అదొక్కటే. తను లేకుండా ఆపరేషన్ జరిగితే ఏమవుతుందో ఆమె అప్పటికే ముప్పై రకాలుగా ఊహించుకుని ఉంది.

తనతోపాటు ఒక ల్యాప్‌టాప్ కూడా తీసుకుపోవాలి. జెబా పాలిటెక్నిక్‌లో సివిల్ చదివింది. మస్కట్‌లో ఒక బిల్డరుకు ఇంట్లో కూర్చునే ఇళ్ళ ప్లాన్లు గీసి పంపుతుంది. రంజాన్‌కు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ స్క్రీన్ పోయింది. అది బాగయ్యేదాకా ఆగితే నెలలు ముదిరిపోయి విమానం ఎక్కనివ్వరని, ఊళ్ళో రిపేర్లు చేసే షబ్బీర్ కొట్టులో ఇచ్చేసి ఆదరాబాదరాగా వెళ్ళిపోయింది. మూడు నెలలు కూర్చుని గీసినవన్నీ అందులోనే ఉన్నాయి. షబ్బీర్ దాన్ని బాగుచేసి తెచ్చిచ్చిన రోజే అమ్జద్ ఫోన్‌లో మాట పంపించాడు.

“అత్తా, ల్యాప్‌టాప్ చేతి బ్యాగులోనే పెట్టుకో. పెద్ద పెట్టెలో వెయ్యబాక. చేతి బ్యాగు ఏడు కేజీలు దాటకూడదు, పెట్టె ముప్పై దాటకూడదు. చెకింగ్ కాడ ల్యాప్‌టాప్ బయటికి తీసి ట్రేలో పెట్టమంటారు. పెట్టేసి నువ్వు అవతలికి నడువు. అదే వస్తది.”

అదే వస్తది అన్న దగ్గర రషీదా ఆగిపోయింది. ఆ ముక్క నాలుగుసార్లు పెట్టుకుని విన్నది. తను ఒకవైపు, కూతురి మూడు నెలల కష్టం ఒకవైపు. మధ్యలో ముక్కూ మొహం తెలియని జనం.

“మా అక్క మనవడు కోటిబాబుది అట్టాగే పోయింది వదినా,” అంది ఎదురింటి కరుణమ్మ, అడగకపోయినా. “ట్రేలో పెట్టి చేతులెత్తి నిలబడ్డాడంట, వాళ్ళు ఒళ్ళంతా తడుముతుంటే. ఇటు తిరిగేసరికి ల్యాప్‌టాప్ లేదు. అచ్చం దానిలాంటిదే ఇంకోటి ఉందంట. ఎవరిదో ఏందో.”

“మళ్ళా దొరికిందా?”

“దొరికిందిలే, నెల తర్వాత. అయినా నీకెందుకు వదినా అయ్యన్నీ, పొయ్యేముందు.”

రషీదాది దూదేకుల ఇల్లు. తరతరాలుగా దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి బతికిన వంశం. ఆ ఇంట్లో ఇనప బీరువా ఉంది, అందులో చీరలుంటాయి. విలువైనవి మాత్రం దూదిలో ఉంటాయి. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ముక్కుపుడకను దిండులో కుట్టి దాచేది. ఊరికి పోతే ఇంటి పట్టా కాగితాలు పరుపులోకి పోయేవి. పరుపు దొంగిలించే దొంగ పల్నాడులో ఇంకా పుట్టలేదని ఆమె ధీమా. దూదిలో పెట్టిన కోడిగుడ్డు మిద్దె మీంచి పడినా పగలదని ఇంకో ధీమా. కోడలికి ఆ రెండూ వచ్చాయి.

పుట్టబోయే బిడ్డ కోసం రషీదా అప్పటికే చిన్న పరుపు ఒకటి సిద్ధం చేసింది. మెత్తటి బూరుగు దూది, పైన పసుపు పూల గుడ్డ, సరిగ్గా పెట్టెలో అడుగున పట్టేంత కొలత. శనివారం మధ్యాహ్నం నాగూర్ వలి కొట్టులో ఉండగా ఆమె ఆ పరుపు ఒక పక్క కుట్టు విప్పింది. ల్యాప్‌టాప్‌ను జెబా పాత చున్నీలో చుట్టి రెండు పొరల నడుమ పెట్టింది. చుట్టూ దూది కూరి, దబ్బనంతో మూతి కుట్టేసి, పైనుంచి అరచేత్తో ఒత్తి చూసింది. చేతికి ఏమీ తగల్లేదు. చేతికే తగలనిది దొంగ కంటికి ఏం కనపడుతుంది? ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, భర్తకు కూడా.

హైదరాబాదు బస్సులో పెట్టె ఎక్కించేటప్పుడు నాగూర్ వలి నడుం పట్టుకున్నాడు.

“ఏందే ఇది, మాచర్ల రాళ్ళేమన్నా వేశావా?”

“కారం ఉంది, గోంగూర పచ్చడి ఉంది.”

“ఆ ఊళ్ళో కారం దొరకదా?”

“దొరుకుద్ది. మన కారం దొరకదు.”

విమానాశ్రయం గుమ్మం దగ్గర టిక్కెట్టు లేనివాళ్ళను ఆపేశారు. నాగూర్ వలి పెట్టె ఉన్న బండిని ఆమె చేతికి ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

“వాళ్ళేం అడిగినా లేదు అని చెప్పు. అంతకు మించి మాట్లాడబాక. నీ భయాలన్నీ వాళ్ళ ముందు పరవబాక, విమానం ఎక్కాల్సిన మిగతావాళ్ళు కూడా ఎక్కడం మానేస్తారు.”

ఆమె నవ్వలేదు. లోపలికి పోయి, అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూసి, వరసలో నిలబడింది.

సామాను తీసుకునే బల్ల దగ్గర శ్రీదేవి అని చొక్కా మీద పేరున్న అమ్మాయి కూర్చుని ఉంది. పెట్టె ఇరవైతొమ్మిది కేజీల ఆరు వందల గ్రాములు తూగింది. చేతి బ్యాగు ఆరున్నర.

“పెట్టెలో ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్, బ్యాటరీలు ఏమన్నా ఉన్నాయా అమ్మా?”

“లేవమ్మా.”

మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. శ్రీదేవి పెట్టెకు చీటీ అతికించింది. పెట్టె కదిలి, నల్లటి రబ్బరు పట్టీల తెర తోసుకుని లోపలికి పోయింది. పెద్ద గండం గడిచిందనుకుంటూ రషీదా చీటీలూ పాస్‌పోర్టూ పట్టుకుని వాళ్ళు చూపించినవైపు నడిచింది.

పోయేదారిలో గోడకు ఒక పెద్ద బొమ్మ ఉంది. పెట్టె, పెట్టెలో ల్యాప్‌టాప్, దానిమీద ఎర్రటి అడ్డగీత. పక్కన చిన్న మంట. అక్షరాలు ఇంగ్లీషువి. మంట మాత్రం ఏ భాషా రానివాళ్ళకు కూడా తెలుస్తుంది. అక్కడ నేల తుడుస్తున్న పెద్దావిడ దగ్గర ఆగింది.

“ఏందమ్మా ఈ బొమ్మ?”

“బ్యాటరీలమ్మా. ఫోన్లల్ల, ల్యాప్‌టాప్లల్ల ఉంటయి జూడు, అవి. పెద్ద పెట్టెల వెయ్యొద్దని. ఒక్కోసారి వాటంతటవే అంటుకుంటయంట.”

“చేతి బ్యాగులో ఉంటే మాత్రం అంటుకోదా?”

“అంటుకుంటే కనబడ్తది గద. మనుషులుంటరు, ఆర్పుతరు. కింద సామాన్ల కాడ ఎవరుంటరమ్మా?”

ఆవిడ తుడుపుకర్ర తోసుకుంటూ ముందుకు పోయింది. రషీదా అక్కడే నిలబడిపోయింది.

దూదిలో నిప్పు అంటే ఏమిటో ఆ విమానాశ్రయం మొత్తం మీద ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళ కిందట కొట్టులో దూది ఏకే మిషన్ నుంచి ఒక్క నిప్పురవ్వ మూటలో పడింది. పొగ లేదు, వాసన లేదు. ఆ మూటకే వీపు ఆనించి కూర్చుని ఆమె రెండు రోజులు అన్నం తిన్నది. మూడో రోజు నాగూర్ వలి మూట విప్పితే లోపలంతా ఎర్రగా కణకణలాడుతోంది. గాలి తగలగానే భగ్గుమంది. కట్టెలో నిప్పు కనపడుతుంది, గడ్డిలో నిప్పు కనపడుతుంది. దూదిలో నిప్పు చెదపురుగులాగా లోపల్లోపల తొలుచుకుంటూ పోయి, తినడానికి ఇంకేమీ లేనప్పుడు బయటికి వస్తుంది. దూదేకుల ఇంట్లో పిల్లలకు నడక కంటే ముందు నేర్పే సంగతి ఇది. ఆ ఇంటి కోడలు అంటుకునే వస్తువును తీసుకుపోయి దూది మధ్యలో పెట్టి, కనపడకుండా కుట్టి, మనుషులు లేని చోటికి పంపించింది.

ఆమె ఎన్నోసార్లు భయపడింది. ఆ భయాల్లో చాలావాటికి మొదలూ చివరా ఉండేవి కావు. దీనికి రెండూ ఉన్నాయి.

ముందు వరసలో ఒక పిల్లవాడు తండ్రి భుజం మీద నిద్రపోతున్నాడు. ఎవరో ముసలాయన ఫోన్‌లో, దిగగానే అన్నం తింటానని ఇంట్లోవాళ్ళకు చెబుతున్నాడు. వీళ్ళంతా ఎక్కేది ఆ విమానమే. వెనక్కి పోయి చెబితే, అబద్ధం ఎందుకు చెప్పావని ఇంటికి పంపించేస్తారు. గురువారం జెబా పక్కన తను ఉండదు. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు కూడా. ఎంతమంది పెట్టుకుని పోవడంలేదు? కానీ వాళ్ళు దూదిలో పెట్టి ఉండరు.

“యా అల్లా, పిల్ల కాడికి పంపించు,” అనుకుంది. అనుకుని, జెబా ఉన్న వైపు కాకుండా, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

బల్ల దగ్గర ఇంకా నలుగురు ఉన్నారు. రషీదా వాళ్ళను దాటుకుని పోయి శ్రీదేవి ఎదురుగా నిలబడింది.

“అమ్మా, నేను అబద్ధం చెప్పాను.”

శ్రీదేవి తలెత్తింది.

“పెట్టెలో ల్యాప్‌టాప్ ఉంది. పరుపులో కుట్టాను.”

“దేంట్లో?”

“పరుపులో. చంటిపిల్లల పరుపు. నా కూతురికి కాన్పు. నన్ను తర్వాత ఏమన్నా అనండి, ముందు దాన్ని బయటికి తీయించండి. దూది తల్లీ అది. లోపల రాజుకుంటే పైకి తెలియదు.”

శ్రీదేవి ఫోన్ ఎత్తింది. రెండు నిమిషాల్లో సుధీర్ బాబు అనే పై ఆఫీసరు వచ్చాడు. విషయమంతా విన్నాడు. రషీదా మొహంలోకి కాసేపు చూశాడు.

“ఏ ఊరమ్మా మీది?”

“నరసరావుపేట.”

“అనుకున్నా,” అన్నాడు. వాకీటాకీలో పెట్టె నంబరు చెప్పి, దాన్ని ఆపి వెనక్కి తెమ్మన్నాడు. “మాది క్రోసూరులే, మీ పక్కనే. మీరు అక్కడ కూర్చోండి. ఇంకో నలభై నిమిషాల్లో ఈ బల్ల మూసేస్తారు. పెట్టె ఈలోగా రావాలి.”

“రాకపోతే నన్ను ఇంటికి పంపిస్తారా బాబూ?”

“ముందు రానీయండి.”

రషీదా కూర్చుంది. వెంటనే ఫోన్ మోగింది. నాగూర్ వలి ఇంకా అద్దం బయటే ఉన్నాడు.

“ఏందే వెనక్కొచ్చావు?”

“ఏం లేదు. నువ్వు టీ తాగు.”

“ఆ ఎర్ర టై కట్టినాయన ఎవరు? ఏమంటున్నాడు?”

“క్రోసూరంట.”

“క్రోసూరైతే ఏంది?”

“నువ్వు టీ తాగయ్యా ముందు,” అని పెట్టేసింది. ఎదురుగా గోడ గడియారం ఉంది. దానివైపు చూడకూడదని కిందికి చూసింది. కింద తన చేతులు కనపడ్డాయి, చీటీని మడిచి మడిచి వేలంత చేశాయి. దాన్ని మళ్ళీ సాపు చేసింది.

పద్దెనిమిది నిమిషాలకు పెట్టె వచ్చింది, వెంట ఒక సెక్యూరిటీ జవాను. పక్కనున్న బల్లమీద పెట్టి తెరిచారు. పచ్చడి డబ్బాలు, కారం సంచులు, చీరలు తీస్తే అడుగున పసుపు పూల పరుపు.

“కత్తెర తెప్పించు,” అన్నాడు సుధీర్ బాబు.

“కత్తెర అక్కర్లేదు బాబూ.”

వేరేవాళ్ళు కుట్టిన పరుపైతే కోయాలి. తను కుట్టినదానికి చివరి ముడి ఎక్కడుందో ఆమె వేళ్ళకు తెలుసు. మూల దగ్గర తడిమి, గోరుతో ముడి లేపి, దారం కొస పట్టి ఒక్క లాగు లాగింది. కుట్టు చివరిదాకా గొలుసులాగా జారుతూ విడిపోయింది. దూది పొంగి పైకి లేచింది. ఏసీ గాలికి చిన్న చిన్న తునకలు ఎగిరి బల్లమీదా, కంప్యూటరు మీదా, సుధీర్ బాబు మీసం మీదా వాలాయి. వరసలో ఎవరో నవ్వారు. ఆయన తుమ్మాడు.

రషీదా మోచేతి దాకా చెయ్యి పెట్టి చున్నీ మూటను బయటికి లాగింది. విప్పి, ల్యాప్‌టాప్‌ను చెంపకు ఆనించి చూసింది. చల్లగానే ఉంది.

జవాను దాన్ని తిప్పి తిప్పి చూసి, ఏదో కాగితంతో తుడిచి మిషన్‌లో పెట్టి, సరేనన్నట్టు తలూపాడు.

“మీరు చెప్పకపోయుంటే కింద స్కానర్‌లో పట్టుకునేవాళ్ళు,” అన్నాడు సుధీర్ బాబు ముక్కు తుడుచుకుంటూ. “విమానం లేచే టైముకి మిమ్మల్ని పిలిచేవాళ్ళు, మీరు ఇక్కడే ఉండిపోయేవాళ్ళు.”

“పట్టుకోకపోతే?”

ఆయన తెరిచిన పెట్టె వైపు చూశాడు. “ఇంకెక్కడన్నా ఏమన్నా కుట్టారా? దిండులో?”

“దిండు తేలేదు బాబూ.”

“మంచి పని చేశారు. ఇక తొందరగా కానీయండి.”

అయినా అది అక్కడితో అయిపోలేదు. ల్యాప్‌టాప్ పెట్టాక చేతి బ్యాగు ఎనిమిదిన్నర కేజీలు తూగింది. “ఏడు దాటకూడదమ్మా,” అంది శ్రీదేవి. “ఏమన్నా పెట్టెలోకి మార్చండి. పెట్టె ఇప్పుడు తేలికైంది కదా.”

రషీదా చేతి బ్యాగు విప్పింది. బాలింతకు పెట్టే శొంఠి కాయం డబ్బా పెట్టెలోకి పోయింది. ఆ తర్వాత, నాగూర్ వలి పాత పంచెలు చించి పన్నెండుసార్లు ఉతికి ఆరేసిన బిడ్డ గుడ్డలు తీసింది. వాటిని మొదట తనతోనే ఉంచుకుందామనుకుంది. పెట్టె పోతే పోయింది, బిడ్డకు మెత్తటి గుడ్డలైనా ఉంటాయని. ఒక్క క్షణం పట్టుకుని, ల్యాప్‌టాప్ తీసిన గుంటలో వాటిని పొందిగ్గా పేర్చింది. పెట్టె పక్క అరలోంచి దబ్బనం తీసి మూతి కుట్టడం మొదలుపెట్టింది.

వెనక వరసలోవాళ్ళు గొణగడం ఆపేసి చూస్తున్నారు. దబ్బనం ఎక్కడా ఆగలేదు.

“అంత తొందరగా ఎట్టా కుడుతున్నారమ్మా?” అంది శ్రీదేవి.

“జెబా కడుపులో ఉన్నప్పుడు రోజుకి నాలుగు పరుపులు కుట్టేదాన్ని తల్లీ. కుట్టేటప్పుడు భయం వెయ్యదు. చెయ్యి ఖాళీగా ఉంటేనే.”

ముడి వేసి, దారం పళ్ళతో తెంపి, దబ్బనాన్ని పెట్టెలో పడేసింది. చేతి బ్యాగు ఆరు కేజీల తొమ్మిది వందలు. పెట్టె ముప్పైకి లోపలే. శ్రీదేవి ఈసారి కూడా అవే ప్రశ్నలు అడిగింది, నియమం కాబట్టి. రషీదా ప్రతిదానికీ ఆగి, ఆలోచించి, పెట్టెలో ఒక్కొక్క వస్తువూ గుర్తు చేసుకుని జవాబు చెప్పింది. రబ్బరు తెర మళ్ళీ కదిలి పెట్టె లోపలికి పోయేసరికి బల్ల మూయడానికి ఆరు నిమిషాలుంది.

చెకింగ్ దగ్గర ట్రే రానే వచ్చింది. ల్యాప్‌టాప్‌ను అందులో పెట్టింది గాని చెయ్యి తీయలేదు. “ఛోడియే అమ్మా,” అన్నాడు అక్కడున్నతను. వదిలింది. అవతల నిలబడి తడిమించుకుంటున్నంతసేపూ మెడ తిప్పి చూస్తూనే ఉంది. ముందు ఎవరివో చెప్పులు వచ్చాయి, తర్వాత బెల్టు, తర్వాత జెబా ల్యాప్‌టాప్.

విమానంలో ఆమె ల్యాప్‌టాప్ సంచిని సీటు కింద పెట్టుకుంది. చెప్పు విప్పి, కాలి వేళ్ళు దానికి ఆనించింది. మధ్య మధ్య వేడెక్కిందేమోనని చూసుకుంటోంది. చల్లగానే ఉంది. పక్కసీటు అమ్మాయి, మొదటిసారి ఎక్కుతున్నారా, భయంగా ఉందా అని అడిగింది. రషీదా కొంచెం ఆలోచించి, “ఇందాక ఉంది,” అని చెప్పింది. కాసేపటికి కాలు అక్కడే ఉంచి నిద్రపోయింది.

మస్కట్‌లో దిగి పెట్టె తీసుకుని బయటికి వస్తే అమ్జద్, అతని పక్కన జెబా. పిల్ల మొహం ఉబ్బింది, పాదాలు ఉబ్బాయి. రషీదా చేతి బ్యాగు విప్పబోయింది.

“ఇదిగోనే నీ ల్యాప్‌టాప్. ఎట్టా తెచ్చానో తర్వాత చెప్తా.”

జెబా దాన్ని అందుకుని చూడను కూడా చూడకుండా అమ్జద్ చేతికి ఇచ్చేసింది. పొట్ట అడ్డం రాకుండా పక్కకు తిరిగి తల్లి భుజం పట్టుకుంది. ఎండలో నిలబడినా పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి.

కారు కదిలాక రషీదా అడిగింది.

“ఏందే?”

“ఏం లేదమ్మా.”

అమ్జద్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. జెబా తల అడ్డంగా ఊపింది. అతను అయినా చెప్పాడు.

“ఆపరేషన్ ముందుకి జరిపారత్తా. రేపు పొద్దున్నే రమ్మన్నారు.”

“మొన్నే చెప్పారు,” అంది జెబా కిటికీ వైపు చూస్తూ. “నీకు చెబితే అక్కడే కళ్ళు తిరిగి పడతావని, విమానమే ఎక్కవని చెప్పలేదు. నన్ను తిట్టబాక.”

రేపు. ఈ పొద్దుటి విమానం తప్పిపోయి ఉంటే అని ఆమె మనసు ఒక అడుగు వేసింది. అక్కడే దాన్ని ఆపింది. ముందు సీట్లో అమ్జద్ భుజాలు బిగబట్టుకుని కూర్చున్నాడు, అత్తగారి ఏడుపు ఎప్పుడు మొదలవుతుందా అని. జెబా కూడా దానికోసమే ఎదురుచూస్తోంది.

రషీదా వంగి, కూతురి కాళ్ళు రెండూ ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. ఉబ్బిన పాదాలను బొటనవేళ్ళతో మెల్లగా ఒత్తసాగింది.

“బిడ్డ కదులుతున్నాడా?”

“ఆ. పొద్దున కదిలాడు. ఇందాక కూడా.”

“నీకు భయంగా ఉందా?”

జెబా తలూపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“డాక్టరమ్మ ఏమన్నదో మొదటినుంచీ చెప్పు. ఏదీ దాచబాక. నేను వింటా.”

జెబా చెప్పడం మొదలుపెట్టింది. ఉమ్మనీరు తగ్గిందన్నారు, బీపీ పెరిగిందన్నారు, స్కానింగులో ఇంకేదో మాట అన్నారు, అది తనకు అర్థం కాలేదు, అడగడానికి ధైర్యం చాలలేదు. ఇంటికి చేరేదాకా చెబుతూనే ఉంది. రషీదా పాదాలు ఒత్తుతూ అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అయ్యో అనలేదు.